ఒక్క వేలు చాలు

తమ్ముడు చనిపోయిన రోజునే ఆ కంప్యూటర్ కంపెనీ అమ్మకాల రికార్డు బద్దలు కొట్టింది.

మార్చురీ వరండాలో గోడకు బిగించిన టీవీలో సూటు తొడుక్కున్న పెద్దమనిషి ఒకడు ఇత్తడి గంట కొడుతున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు చరుస్తున్నారు. 'రెక్క' ల్యాప్‌టాప్‌కు జనం బ్రహ్మరథం పడుతున్నారని, షోరూముల ముందు క్యూలు సందు చివరిదాకా ఉన్నాయని యాంకర్ ఊపిరి తీసుకోకుండా చెబుతోంది. ఆ టీవీ కింద స్ట్రెచర్ మీద, తెల్లదుప్పటి కింద ఉన్నవాడు ఆ కంపెనీ టెస్టింగ్ సెక్షన్‌లోనే పనిచేసేవాడు. సరుకుల లిఫ్టు వచ్చిందనుకుని అడుగు వేశాడట. లిఫ్టు రాలేదట. గోతిలో పడ్డాడట. కంపెనీ మనిషి వచ్చి ఈ 'అట'లన్నీ అప్పజెప్పి, ఒక పూలగుత్తి పెట్టి, గడియారం చూసుకుంటూ వెళ్లిపోయాడు.

"చీకట్లో సూదిలో దారం ఎక్కించేవాడు నా కొడుకు," అంది అమ్మ. "అంత లిఫ్టు ఉందో లేదో కనపడలేదా వాడికి?"

కూతురు టీవీలో గంట కొడుతున్నవాడి చేతుల వంకే చూస్తోంది.

డిపార్ట్‌మెంటులో ఆమె కోడ్ నేమ్ ముంగిస. పట్టు పడితే వదలదని పెట్టిన పేరు. అమ్మ లెక్క ప్రకారం మాత్రం ఆమె ఒక డ్రై క్లీనింగ్ షాపులో మేనేజరు. "ఊరందరి బట్టలూ తళతళలాడిస్తావు, నీ చొక్కా మాత్రం ఎప్పుడూ నలిగే ఉంటుంది," అని అమ్మ దెప్పినప్పుడల్లా తమ్ముడు గోడవైపు తిరిగి నవ్వు దాచుకునేవాడు. వాడికి తెలుసు, ఎందుకంటే వాడు కూడా అదే డ్రై క్లీనింగ్ బాపతు. టెస్టింగ్ సెక్షన్ ఉద్యోగం వాడి మారువేషం.

పోయే ముందు వాడు అక్కకు ఫోన్ చేశాడు. "అక్కా, వీటికి ఒక్క వేలు చాలదు," అన్నాడు. ఇంకేదో చెప్పబోయాడు. ఎవరో దగ్గరికి వచ్చిన అలికిడి. లైన్ కట్.

'ఒక్క వేలు చాలు' అన్నది రెక్క ప్రకటన. మామూలు ల్యాప్‌టాప్ మూత ఎత్తబోతే కింది భాగం కూడా దాని వెంటే లేస్తుంది. రెండో చేత్తో అదిమిపట్టాలి. రెక్కకు ఆ బాధ లేదు. అంచు కింద వేలు పెట్టి ఎత్తితే చాలు, మూత మెత్తగా లేస్తుంది, కింది భాగం బల్లకు అతికించినట్టు కదలకుండా ఉంటుంది. ఓస్, ఇంతేనా అనకండి. ఆ మూతను చూసే దేశం దేశమంతా దాని వలలో పడింది. అమ్మకాలు చూసి పోటీ కంపెనీలు నోళ్లు వెళ్లబెట్టాయి.

అలాంటప్పుడు ఒక్క వేలు చాలకపోవడం ఏమిటి? తమ్ముడు ఆఖరి ఊపిరి ఖర్చుపెట్టి మరీ చెప్పిన మాట అది. ముంగిస దాన్ని పళ్లమధ్య బిగించిపట్టుకుని ఇంటికి వెళ్లింది.

* * *

డ్రై క్లీనింగ్ షాపు కౌంటర్‌లో బట్టతల మనిషి తలెత్తాడు.

"ఏం మరక?"

"రక్తం మరక."

అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఇంకు మరక అనాలండీ. కోడ్ అది. తర్వాత పోతుందా అని అడగాలి."

"నేను అడగను. పోగొట్టే ఉద్దేశం నాకు లేదు."

అతను వేలాడుతున్న కోట్ల వరస పక్కకు జరిపి, వెనకనున్న తలుపు తెరిచాడు.

లోపల చీఫ్ హడావిడిగా బల్ల మీద ఒక వస్తువుపై తువ్వాలు కప్పాడు. తువ్వాలు అంచున రెక్క మూల తొంగిచూస్తోంది. ముంగిస చూసీ చూడనట్టు ఊరుకుంది. జుట్టంతా నెరిసిన ఆ మనిషి కూడా ఆగలేకపోయాడంటే, ఇక ఊళ్లోవాళ్లను అని ఏం లాభం?

"కూర్చో అమ్మాయీ."

"నిలబడతాను సార్. చెప్పండి."

"విదేశీ ముఠా. నాయకుడి పేరు ఎవరికీ తెలీదు. చెవి అంటారు. వినడం, విన్నది అమ్మడం వాడి వ్యాపారం. ఇక్కడ వాడి మనిషి రెక్క కంపెనీ సేల్స్ డైరెక్టర్."

"గంట కొట్టినవాడు."

"వాడే. రికార్డు దొర అంటారు. రెక్క మూతలో వినే చిప్ పెట్టిస్తున్నాడు. అన్నిట్లో కాదు, ఎంచుకున్నవాటిలో మాత్రమే. మూత తెరిచి ఉన్నంతసేపూ ఆ గదిలో ప్రతి మాటా అప్పటికప్పుడు చెవికి చేరుతుంది. ఎల్లుండి కొత్త మోడల్ రిలీజ్. రక్షణ మండలి సభ్యులకు స్టేజీ మీద తలా ఒకటి కానుక. అట్నుంచటే వాళ్లు సరిహద్దు మీటింగ్‌కి వెళ్తారు. చేతిలో కొత్త బొమ్మ ఉంటే తెరవకుండా కూర్చుంటారా?"

"తీసుకోవద్దని చెప్పండి."

"చెప్పాను. నవ్వారు. 'మా మనవడు ఆ పెట్టె కోసం నా ప్రాణం తీస్తున్నాడు, నువ్వేమో అనుమానాలంటావు,' అన్నాడు మండలి ఛైర్మన్. సాక్ష్యం లేనిదే ఈ దేశంలో దానిమీద ఈగ వాలనివ్వరు. ఏ పెట్టెలో చిప్ ఉందో పైకి ఎలా తెలుస్తుందన్నదే మీ తమ్ముడు వెతుకుతున్నాడు. కనిపెట్టే ఉంటాడు. మనదాకా రాలేదు."

ముంగిస పిడికిలి బిగించి, మళ్లీ వదిలింది. "లోపల మనవాళ్లు ఇంకెవరున్నారు?"

"అందగాడు. కంపెనీ ప్రెజెంటర్. స్టేజీ మీద మూత ఎత్తి చూపించేది అతనే. మన దగ్గరా జీతం, చెవి దగ్గరా జీతం. ఎవరికి ఎంత నిజం చెబుతాడో అతనికే తెలీదు."

"తమ్ముడికి ముప్పు ఉందని అతనికి ముందే తెలుసా?"

చీఫ్ కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడిచాడు. అదే జవాబు అనుకుంది ముంగిస.

"విను. దొర నాకు ప్రాణాలతో కావాలి. చెవి ఎక్కడ కూర్చుని వింటున్నాడో వాడి నోటినుంచే రావాలి. అర్థమైందా?"

"అర్థమైంది."

"ఒప్పుకున్నావా అని అడుగుతున్నాను."

"అర్థమైంది సార్," అంది ముంగిస మళ్లీ.

పక్కగదిలో ఉన్న సామాన్ల మనిషిని అందరూ మెకానిక్ అంటారు. అతను చెవి పోగు ఒకటి ఇచ్చాడు. అందులో మైకు, అటూ ఇటూ మాటలు వినపడతాయి. తర్వాత షోరూము బ్యాడ్జి. దాని వెనక పిన్నీసు, మీద నీలం రాయి. "గుచ్చితే ఆరేడు గంటలు నిద్ర. ఒకసారికే పనికొస్తుంది," అన్నాడు. సొరుగులో ఎర్ర రాయి బ్యాడ్జి ఇంకొకటి కనిపించింది.

"అది?"

"దాంతో నిద్రపోతే మళ్లీ లేవడం ఉండదు. నీకు కాదులే."

అతను రసీదు పుస్తకం కోసం వెనక్కి తిరిగాడు. మళ్లీ ఇటు తిరిగేసరికి ఎర్ర రాయి ముంగిస చేతిసంచి లైనింగులోకి చేరిపోయింది. ఆమెకు సిగ్గు వేయలేదు. చీఫ్‌కి దొర ప్రాణాలతో కావాలి. ఆమెకు ఆ ప్రాణాలే కావాలి.

* * *

రిలీజ్ రోజుల్లో షోరూముకు అదనపు మనుషులు కావాలి. జుట్టు కత్తిరించి, రంగు వేసి, కళ్లకు తేనెరంగు లెన్సులు పెట్టుకుని, తెచ్చిపెట్టుకున్న నవ్వుతో ముంగిస డెమో అమ్మాయిగా చేరిపోయింది. ఆమెకు పని నేర్పే బాధ్యత ఒక నడివయసు సేల్స్‌మన్‌కి అప్పగించారు. అతన్ని జిడ్డు అంటారు. కస్టమర్‌ని పట్టుకున్నాడంటే వదలడని ఆ పేరు, దానివల్ల అతనికి బాధేమీ లేదు.

"చూడమ్మా, మన దొరగారి దగ్గర ఒకటే మాట," అన్నాడు జిడ్డు. "గోడౌన్‌లో మిగిలిన పెట్టె శవంతో సమానం. కంటికి స్టాకు కనపడిందా, సాయంత్రానికి అది అక్కడ ఉండకూడదు. ఎవరిదీ, ఎందుకుందీ అని అడగొద్దు. అమ్మేయాలి. అరలన్నీ ఖాళీ అయితే దొరగారు గంట కొడతారు. ఆ గంట వినకపోతే నాకు రాత్రి నిద్ర పట్టదంటే నమ్ము."

"ఎన్నేళ్లనుంచి వింటున్నారు?"

"మా ఆవిడ గొంతు కంటే ఎక్కువ విన్నాను."

బల్లల మీద రెక్కలు వరసగా ఉన్నాయి. జనం గోడకు కొట్టిన బంతుల్లా తిరిగి తిరిగి వాటి దగ్గరికే వస్తున్నారు. ఒక ముసలాయన మూత ఎత్తాడు, దించాడు, మళ్లీ ఎత్తాడు, చుట్టూ చూసి పసివాడిలా నవ్వాడు. డిస్‌ప్లే పీసుల్ని ఎవరూ ఎత్తుకుపోకుండా అడుగున రెండువైపులా అంటుకునే గట్టి టేపు వేసి బల్లకు అతికించారు. ముంగిస వేలు కూడా దానంతటదే ఒక మూత కిందికి పోయింది. మూత లేచింది. ముద్దొచ్చింది. తమ్ముణ్ణి మింగిన కంపెనీ వస్తువు అంత అందంగా ఉండటం చూసి ఆమెకు ఒళ్లు మండిపోయింది.

మధ్యాహ్నం స్టేజీ రిహార్సల్. అందగాడు వచ్చాడు. నిజంగానే అందగాడు. అతను నడుస్తుంటే బిల్లు కౌంటర్ అమ్మాయిలు బిల్లులు తప్పు కొట్టారు. ముందు షోరూము పీసు ఒకటి తీసుకుని టేపులేని బల్లమీద పెట్టి, కుడిచేతి చూపుడువేలితో మూత ఎత్తాడు. ఎడమచెయ్యి జేబులో ఉంది. ఆ తర్వాత వెనక చిన్న గదిలోంచి ఒక గార్డు వేరే పెట్టె తెచ్చిచ్చాడు. అందగాడు మళ్లీ అదే నవ్వుతో, అదే వేలితో మూత ఎత్తాడు. ఈసారి మాత్రం ఎడమచెయ్యి జేబులోంచి బయటికొచ్చి, ఏదో అలవాటుగా ఆనించినట్టు, అరచేతి మడమతో కింది భాగాన్ని అదిమిపట్టింది.

ముంగిసకు తమ్ముడి మాట గుర్తొచ్చింది. మూతలో చిప్ ఉంటే మూత బరువెక్కుతుంది. బరువెక్కిన మూత ఎత్తితే కింది భాగం కూడా లేస్తుంది. వీటికి ఒక్క వేలు చాలదు. ఎంత తేలిగ్గా చెప్పాడు తమ్ముడు! రోజూ వందల మూతలు ఎత్తి దించే టెస్టింగ్ బల్ల దగ్గర కూర్చున్నాడు కాబట్టే వాడి వేలికి అది తెలిసింది.

"ఏంటమ్మా, కళ్లలో నీళ్లు?" అన్నాడు జిడ్డు.

"లెన్సులు పడట్లేదండీ."

* * *

రిలీజ్ రోజు పొద్దున షోరూము ఇంకా తెరవకముందే బయట క్యూ రోడ్డు మలుపు దాటింది. చిన్న గది ముందు గార్డు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ముంగిస పలకరింపుగా నవ్వి, బ్యాడ్జి సరిచేసుకుంటున్నట్టు వంగి, నీలం రాయి పిన్ను అతని మెడమీద తాకించింది. అతను ఆవులించి, కుర్చీలోనే గుర్రుపెట్టాడు.

గదిలో మండలి సభ్యుల కోసం కట్టిన పెట్టెలు ఉన్నాయి. వాటిని బయటికి తీసుకుపోయే దారి లేదు. ఉన్న ఒక్క తలుపూ అమ్మకాల హాల్లోకే తెరుచుకుంటుంది, హాలు గుమ్మాల దగ్గర దొర మనుషులున్నారు. బిల్లు లేనిదే అక్కడ చీమ కూడా బయటికి పోదు.

"నువ్వు అతని అక్కవి కదూ?" అన్నారు ఎవరో వెనకనుంచి.

అందగాడు తలుపుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. "కళ్లరంగు మార్చావు కానీ చూపు అదే. వాడి చూపే."

ముంగిస అతని కాలరు పట్టుకుని గోడకు అదిమింది. "వాణ్ణి ఎవరు తోశారు?"

"దొర. నేను అక్కడే ఉన్నాను. నేను... అరవలేదు."

ఆమె లాగిపెట్టి కొట్టింది. ఆ అందమైన ముఖం మీద వేళ్లు అచ్చుపడ్డాయి. అతను చెంప తడుముకోలేదు.

"అరిస్తే నన్నూ తోసేవాడు. విను, దొర చెవిని కూడా మోసం చేస్తున్నాడు. చెవి కోసం పెట్టిన చిప్‌లలో మాటలు వినే కోడ్ తాళాలు చెవి శత్రువుకి కూడా అమ్ముతున్నాడు. నీకు పనికొస్తుందని చెబుతున్నా. నన్ను మాత్రం వదిలెయ్."

"పో."

అతను పోయాడు. ఎటు పోతాడో ఆమెకు తెలుసు. గోడమీది పిల్లి ఇటు దూకాక అటు కూడా దూకుతుంది. దొరకు తన సంగతి చెప్పేలోగా పని కానివ్వాలి.

ముంగిస ఒక పెట్టె విప్పి రెక్క బయటికి తీసింది. దాన్ని మామూలు పీసులా చేతిలో పట్టుకుని, మెట్లెక్కి, పైనున్న దొర గాజు క్యాబిన్‌కి వెళ్లింది. రిలీజ్ రోజున దొర తన పాత మెషీన్ పక్కనపెట్టి స్టాఫ్ ఎదుట కొత్తది తెరవడం ఆ కంపెనీలో ఆనవాయితీ. బల్లమీద సిద్ధంగా ఉన్న కొత్తదాన్ని ఆమె తీసేసి, దాని చోట చిప్ ఉన్నదాన్ని పెట్టింది. అడుగున డిస్‌ప్లే టేపు నాలుగు పట్టీలు అతికించి, రెండు చేతులతో గట్టిగా అదిమింది.

తర్వాత కిందికి దిగి జిడ్డు చెవిలో ఊదింది. "వెనక చిన్న గదిలో కొత్త మోడల్ స్టాకు పడి ఉందండీ. ఎవరూ ముట్టుకోవట్లేదు."

"పడి ఉందా!" జిడ్డు ముఖం జేవురించింది. "రిలీజ్ రోజున పడి ఉందా?"

"ఎవరివో ఏమో..."

"ఎవరివైతే ఏంటమ్మా! క్యూ కనపడట్లేదా నీకు?" అంటూ అతను చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ పరిగెత్తాడు.

ఇరవయ్యేళ్లుగా దొర నూరిపోసిన పాఠం అది. చిన్న గదిలోంచి పెట్టెలు ఒక్కొక్కటే బిల్లు కౌంటర్ దాటి, గుమ్మాల దగ్గర దొర మనుషులు బిల్లులు చూసి దగ్గరుండి తలుపు తెరుస్తుంటే, దర్జాగా రోడ్డెక్కాయి. ఒకటి మంగలికి, ఒకటి ట్యూషన్ మాస్టారికి, ఒకటి కాబోయే అల్లుడికి ఇవ్వడానికి బేరాలాడుతున్న పెద్దావిడకి. ముంగిస వాటిని లెక్కపెట్టలేదు. తలుపు దాటిన ప్రతి పెట్టెకూ కడుపు చల్లబడుతోంది, అంతే.

పైన క్యాబిన్‌లో చప్పట్లు మోగాయి. దొర స్టాఫ్ ముందు చూపుడువేలు చాచి కొత్త రెక్క మూత ఎత్తాడు. టేపు పుణ్యమా అని కింది భాగం కదల్లేదు. తెరమీద అప్పటికప్పుడు పెరుగుతున్న అమ్మకాల అంకె వచ్చింది. దొర దాన్ని ముద్దుగా చూసుకుంటూ, మూత అలాగే తెరిచి ఉంచాడు.

* * *

రక్షణ మండలి సభ్యులు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. అప్పుడే ముంగిసకు పైనుంచి పిలుపు వచ్చింది.

దొర క్యాబిన్ తలుపు లోపల గడియ పెట్టాడు. చేతిలో చిన్న పిస్తోలు. ముఖాన అదే టీవీ నవ్వు. గాజు అవతల కింద స్టేజీ, జనం, లైట్లు కనిపిస్తున్నాయి. ఒక్క మాటా లోపలికి రాదు, లోపలి మాటా బయటికి పోదు.

"రామ్మా డ్రై క్లీనింగ్! మా అందగాడు అంతా చెప్పాడు."

"వాడు అందరికీ అంతా చెబుతాడు," అంది ముంగిస. "తమ్ముణ్ణి ఎలా చంపావు?"

"చంపడం అంటే పెద్ద మాట. మర్యాద చేశాను." దొర కుర్చీలో వాలాడు. "ఫోన్‌లో మాట్లాడుతుంటే వెనకగా వెళ్లాను. లిఫ్టు తలుపు నేనే తెరిచి పట్టుకుని, ముందు నువ్వు పద బాబూ అన్నాను. పెద్దవాడు అంత మర్యాద చేస్తే కాదనలేక నా ముఖం చూస్తూ అడుగేశాడు. కాస్త తడబడితే ఒక వేలు వేశాను. ఒక్క వేలు చాలింది."

ముంగిస కళ్లముందు ఒక్కక్షణం అంతా ఎర్రబడింది. పిస్తోలు లేకపోతే అప్పుడే అతని గొంతు పట్టుకునేది. సంచి లైనింగులోని పిన్నును వేళ్లతో తడుముకుని, ఊపిరి బిగబట్టి, గొంతులో వెటకారం తెచ్చుకుంది.

"ఇంతకీ చెవికి ఎంతకి అమ్ముడుపోయావు?"

"నేను అమ్ముడుపోవడం ఏంటి? నేను అమ్మేవాణ్ణి!"

"అమ్మేవాడివైతే ఒకడి దగ్గరే ఎందుకు ఊడిగం చేస్తున్నావు? ఇంకో కొనుగోలుదారు దొరకలేదా పాపం?"

ఎక్కడ గుచ్చాలో అక్కడే గుచ్చింది. అమ్మకం తెలియనివాడివి అంటే ఆ మనిషి తట్టుకోలేడు. దొర ముందుకు వంగాడు.

"పిచ్చిదానా! చెవికి ఇచ్చిన తాళాలే వాడి శత్రువుకీ ఇచ్చాను. ఇద్దరిదగ్గరా పూర్తి ధర. ఒకే సరుకు ఇద్దరికి అమ్మలేనివాడు సేల్స్‌లో ఉండకూడదు. ఆ చెవిగాడు ప్రపంచమంతా వింటాడు గానీ, వాడి కిందనే నేను తవ్వుతున్న గొయ్యి వాడికి వినపడదు."

అప్పుడు బల్లమీది ఫోన్ మోగింది. ఆ నంబరు నుంచి ఫోన్ ఎప్పుడో గానీ రాదు. దొర ఎత్తాడు. గదిలో ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, అవతలి గొంతు ముంగిసకు కూడా వినిపించింది. నిదానమైన, నిద్రమత్తు గొంతు.

"ఆపావేం? చెప్పు, వింటున్నాను."

దొర ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఫోన్ చేతిలోంచి జారింది. పిస్తోలు కింద పడేసి, రెండు చేతులతో తన కొత్త రెక్క మూత పట్టుకుని లాగాడు. టేపు పర్రుమని చిరిగింది. మూతతో పాటు కింది భాగం కూడా గాల్లోకి లేచింది. దొర దాన్ని అలాగే పట్టుకుని వణుకుతూ నిలబడ్డాడు.

ఆ దృశ్యం గాజులోంచి కిందివాళ్లకూ కనిపించింది. స్టేజీ మీద అందగాడు తల పైకెత్తాడు.

అప్పటికే అతను అయోమయంలో ఉన్నాడు. చిన్న గది ఖాళీ అయిందని తెలిసి గగ్గోలు పెడితే, "స్టేజీకని ముందే చెప్పొద్దూ!" అంటూ జిడ్డు మామూలు స్టాకు తెచ్చి పేర్చాడు. మూతలు ఒక్కొక్కటే తేలిగ్గా లేస్తుంటే అందగాడి అరచెయ్యి ఊరికే అదుముతూ వచ్చింది. ఛైర్మన్ పెట్టె ఒక్కటి మిగిలింది. అది చిన్న గదిదే. కూతురి కోసమని జిడ్డు దాచుకున్న పీసు, స్టాకు సరిపోక ఏడుపుముఖంతో తెచ్చిచ్చాడు. అందగాడి ఎడమ అరచెయ్యి దానిమీద గట్టిగా బిగుసుకోవడం ముంగిస పైనుంచి చూసింది. ఆ ఒక్కటి మీటింగ్‌లోకి పోయినా చాలు, తమ్ముడు చచ్చింది దండగ. పోగులో చీఫ్‌కి చెప్పినా, ఆయన మాట ఛైర్మన్ వినడు. ఆమె గాజుకు పిడికిలి పెట్టి గుద్దింది. కిందికి వినపడదు.

అందగాడు పైన వణుకుతున్న దొరను చూశాడు, ముంగిసను చూశాడు, గాలి ఎటు తిరిగిందో లెక్కవేసుకున్నాడు. ఛైర్మన్ చూపుడువేలు మూత కింద పెట్టిన క్షణంలో, అందగాడి అరచెయ్యి మెల్లగా పక్కకు తప్పుకుంది.

మూత లేచింది. దాంతో పాటు కింది భాగం కూడా లేచి ఛైర్మన్ చేతిమీద దబ్బున పడింది.

"ఇదేంటయ్యా," అన్నాడు ఛైర్మన్ మైకులో, హాలంతా వినేలా. "దీనికి ఒక్క వేలు చాలట్లేదే!"

జనం గొల్లుమన్నారు. ముంగిస చెవి పోగులో, కింద జనంలోంచి పైకి చూస్తున్న చీఫ్ గొంతు మాత్రం నవ్వలేదు. "మనవాళ్లు లోపలికి వస్తున్నారు. ఆ పీసు మన చేతికొచ్చింది. దొర మాటలన్నీ రికార్డయ్యాయి. అమ్మాయీ... నీ చేతిలో అదేంటి?"

ఆమె చేతిలో ఎర్ర రాయి పిన్ను ఉంది. దాని మొన దొర గొంతు మీద ఉంది. గొంతునరం టకటకా కొట్టుకోవడం వేళ్లకు తెలుస్తోంది. దొర ఆమె కళ్లలోకి కాకుండా, ఇంకా తీగకు వేలాడుతున్న ఫోన్ వంక చూస్తున్నాడు.

"అది నిద్రమందా?" అన్నాడు గుసగుసగా.

"కాదు."

"అయితే గుచ్చు. నీకు పుణ్యముంటుంది. చెవి మనుషులు ఎలా చంపుతారో నీకు తెలీదు. జైల్లోకైనా వస్తారు. గుచ్చు తల్లీ!"

ఎన్ని రోజులుగా ఆమె ఈ క్షణాన్ని కలగందో! వాడే అడుగుతున్నాడు. చెయ్యి కూడా గుచ్చమనే అంటోంది. ముంగిస ఆ వేడుకుంటున్న కళ్లను తనివితీరా చూసుకుంది. తర్వాత పిన్ను వెనక్కి తీసి, మొన విరిచి, చెత్తబుట్టలో పడేసింది.

"సారీ దొరా. స్టాకు లేదు."

గడియ తీసి అతన్ని వరండాలోకి నడిపించింది. అక్కడ సరుకుల లిఫ్టు ఉంది. ముంగిస మీట నొక్కింది, తలుపు తెరుచుకుంది. లోపల చీకటి. ఆమె తలుపు పట్టుకుని, ఎంతో మర్యాదగా పక్కకు జరిగింది.

"ముందు మీరు పదండి."

దొర మోకాళ్లమీద కూలబడ్డాడు. లోపల లిఫ్టు ఉంది. దాని బల్బు మాత్రమే పోయింది. అయినా అతను అడుగు వేయలేదు. డిపార్ట్‌మెంటు మనుషులు అతన్ని చంకల్లో చేతులు వేసి మెట్లమీదుగా దింపుకుపోయారు.

* * *

దొర ఇప్పుడు తాళం లోపల తాళం ఉన్న గదిలో ఉన్నాడు. గోడలు తడుముతాడు, దీపం విప్పి చూస్తాడు, తలుపు చప్పుడైతే మంచం కిందికి దూరతాడు. తనకు తెలిసిందంతా చెప్పాడు, చెవి కూర్చునే మేడతో సహా, కానీ గుసగుసగానే చెప్పాడు. చెవి మనుషులను పట్టుకునేసరికి వాళ్లు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ట్యూషన్ మాస్టారి ఎక్కాలు వింటున్నారట. వాళ్లలో ఒకడికి పదమూడో ఎక్కం నోటికొచ్చేసింది. చెవి మాత్రం వెనకమెట్ల మీదుగా జారుకున్నాడు. ఆ వార్తను ముంగిస దగ్గరుండి దొరకు చెప్పించింది.

అందగాడు ఆమె కోసం షాపు బయట కాచుకున్నాడు. "చివరికి నేను చెయ్యి తీశాను కదా. క్షమించవూ?"

"అది నా చేతిలో లేదు. క్షమించాల్సినవాడు లిఫ్టు గోతిలో ఉన్నప్పుడు నువ్వు పైనుంచి చూశావు," అంది ముంగిస. అతనికోసం డిపార్ట్‌మెంటు జీపు అప్పటికే వచ్చి ఆగింది.

ఆ పొద్దున అమ్మ పేపరు చదివి, మడిచి పెట్టింది. ఆ తర్వాత లేచి, కూతురి చొక్కా తనే ఇస్త్రీ చేసి ఇచ్చింది. "ఏ మరకా లేదు," అంది కూతురి ముఖంలోకి చూస్తూ. ఆమెకు ఎంత తెలుసో ముంగిస అడగలేదు. ఆ చొక్కా వేసుకునే షాపుకు వచ్చింది.

"ఏం మరక?" అన్నాడు కౌంటర్ మనిషి భయంభయంగా.

"ఇంకు మరక. పోతుందా?"

అతను ఊపిరి వదిలి, నవ్వి, కోట్లు పక్కకు జరిపాడు. "పోగొట్టేవాళ్లు లోపలున్నారండీ."

లోపల చీఫ్ ఈసారి తువ్వాలు కప్పలేదు. రెక్క బల్లమీద దర్జాగా కూర్చుని ఉంది. దాని పక్కనే పేపరు. విదేశీ గూఢచారులే మనసుపడిన ల్యాప్‌టాప్ అని తెలిశాక, షోరూముల ముందు క్యూలు రెండింతలయ్యాయట. కొత్త సేల్స్ డైరెక్టర్‌గా జిడ్డు గంట కొడుతున్న ఫొటో కూడా వేశారు.

"అమ్మాయీ," అన్నాడు చీఫ్, గొంతు సవరించుకుని, దేశభద్రత గురించి మాట్లాడేటప్పటి గాంభీర్యంతో. "నీకు ఆ షోరూములో స్టాఫ్ డిస్కౌంటు ఇంకా నడుస్తోందా?"